అన్నం లేని ఆహారపట్టిక

ఇక్కడ ఇంగ్లండ్‌లో మా చెల్లెలికి ఏడో నెల. గ్లూకోజ్ తాగించి, రెండు గంటలాగి రక్తం తీసి, షుగర్ వచ్చిందన్నారు. చేతిలో ఆహారపట్టిక పెట్టారు. ఓట్స్, బ్రౌన్ బ్రెడ్డు, పాస్తా, ఉడికించిన బంగాళాదుంప. అందులో అన్నం లేదు, ఇడ్లీ లేదు, పెసరట్టు లేదు, మన పప్పు లేదు.

అసలు ఆ పరీక్ష తనకెందుకు చేశారు? దక్షిణాసియా కుటుంబంలో పుట్టింది కాబట్టి. ఇక్కడి ఆరోగ్య సంస్థ 'నైస్' మార్గదర్శకాలు అలాంటివాళ్లందరికీ 24-28 వారాల మధ్య ఆ పరీక్ష చేయమంటాయి. మన పుట్టుక సంగతి అంత బాగా తెలిసినవాళ్లకు మన కంచం సంగతి తెలియకపోవడమేమిటి?

మిగతాదంతా దండం పెట్టదగ్గ పద్ధతి. మీటరు, స్ట్రిప్పులు, అవసరమైతే ఇన్సులిన్, అన్నీ ఉచితం. పరగడుపున 5.3 లోపు, తిన్న గంటకు 7.8 లోపు ఉండాలట. మన లెక్కలో 95, 140. మిడ్‌వైఫ్ తానే ఫోన్ చేసి అంకెలు కనుక్కుంటుంది. తల్లి రక్తంలోని షుగర్ మాయ దాటి బిడ్డకు చేరుతుందని, ఇన్సులిన్ మాత్రం దాటదని, బిడ్డే ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసుకుని బరువు పెరుగుతుందని బొమ్మ గీసి చెప్పింది. మన ఆస్పత్రి క్యూలో అంత ఓపిగ్గా చెప్పే తీరిక ఎవరికుంది?

అలాగని మనవాళ్లేం తక్కువ కాదు. పరగడుపున రానక్కర్లేకుండా, ఎప్పుడొచ్చినా 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు ఒక్కసారి రక్తం చూసే పద్ధతి కోసం పాటుపడింది చెన్నై డాక్టర్ వి. శేషయ్య. ఊరి నుంచి బస్సెక్కి వచ్చే గర్భిణి అవస్థ తెలిసిన మనిషి ఆలోచన అది. ఈ పట్టిక రాసినవాళ్లకు మా చెల్లెలి వంటిల్లు అలా తెలిసి ఉండాల్సింది.

చెల్లెలు అమ్మ కడుపులో ఉన్నప్పుడు మా ఇంట్లో చలిమిడి చేశారు. బియ్యప్పిండి, బెల్లం పాకం, నెయ్యి. ముత్తైదువలు అమ్మ ఒళ్లో పెట్టి, ఇద్దరి తిండీ తినాలమ్మా అన్నారు. అమ్మకు షుగర్ ఉందో లేదో ఎవరూ చూడలేదు. ఆ రోజులే నయమని నేననను. ఆ చలిమిడి వాసన మాత్రం నన్ను వదలదు.

పట్టికలోని ఓట్స్ తిన్న పొద్దున చెల్లెలికి గంటకు 8.4 వచ్చింది. రెండు పెసరట్లు తిని కాసేపు నడిచిన పొద్దున 6.9. ఆ అంకెల పుస్తకం పట్టుకుని వచ్చే అపాయింట్‌మెంట్‌కి తనతో నేనూ వెళ్తున్నాను. పట్టికలో పెసరట్టు, కప్పు కొలతతో అన్నం, పప్పు రాయించే వస్తాను.