గోడంత ఫొటో... నది ఒడ్డున పుట్టింది!

జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్. ఊరి మధ్యలోంచి రైన్ నది సాగిపోతుంటుంది. 240 మీటర్ల ఎత్తున్న రైన్ టవరెక్కి చూస్తే ఒడ్డు పొడవునా పచ్చిక, సన్నటి బాటలు, అక్కడక్కడా మేస్తున్న గొర్రెలు... నది ఉన్న ఏ ఊళ్లోనైనా కనిపించే దృశ్యమే. కానీ ఈ ఊరి దగ్గర నది ఒడ్డున తీసిన ఒక ఫొటో 2011 నవంబరులో న్యూయార్క్ వేలంలో 43 లక్షల డాలర్లు పలికింది. అప్పటి లెక్కలో రూ.21 కోట్ల పైమాటే! 2022లో మాన్ రే తీసిన ఫొటో దాన్ని దాటేసిందనుకోండి.

ఆ ఫొటో పేరు ‘రైన్ 2’. ఆండ్రియాస్ గుర్‌స్కీ 1999లో రూపొందించారు. ఆరడుగుల ఎత్తు, పన్నెండడుగుల వెడల్పు. పచ్చిక, నీళ్లు, మబ్బు పట్టిన ఆకాశం... అంతే. ఒక్క మనిషీ కనిపించడు. నిజానికి ఆ ఒడ్డున కుక్కలతో షికారుకొచ్చినవాళ్లున్నారు. అవతల ఫ్యాక్టరీ కట్టడమూ ఉంది. గుర్‌స్కీ వాటన్నిటినీ కంప్యూటర్లో చెరిపేశారు!

పెద్ద ఫొటోల ఊరు

ఈ ఊరికి ఫొటోలతో అనుబంధం పాతదే. ఇక్కడి ఆర్ట్ అకాడమీలో 1976లో బెర్న్డ్ బెకర్ ఫొటోగ్రఫీ ప్రొఫెసరుగా చేరారు. భార్య హిల్లాతో కలిసి నీళ్ల ట్యాంకుల్నీ, పాత కర్మాగారాల్నీ నలుపు తెలుపుల్లో ఫొటోలు తీసిన మనిషి. గుర్‌స్కీ, థామస్ రఫ్, కాండిడా హోఫర్... అంతా ఆయన శిష్యులే. పాస్‌పోర్టు ఫొటోల్లాంటి ముఖాలను రఫ్ నిలువెత్తున ప్రింటు వేయించి గ్యాలరీ గోడలకెక్కించారు. ముద్రణ రంగంలో పేరున్న ‘డ్రూపా’ ప్రదర్శన మొదలైందీ ఇక్కడే, 1951లో.

ఫైలుకే అసలు పరీక్ష

ఇంత పెద్ద ఫొటోలు ఎలా వేస్తారు? 1990ల నుంచి లేజర్ యంత్రాలు వచ్చాయి. మన ఫ్లెక్సీల్లో లాగా ఇంకు చల్లడం ఉండదు. చీకట్లో ఫొటో కాగితం మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం కిరణాలు బొమ్మను గీస్తాయి. తర్వాత దాన్ని రసాయనాల్లో కడుగుతారు.

యంత్రం ఎంత గొప్పదైనా ఫైలులో ఉన్నదే గోడ మీదికొస్తుంది. అంగుళానికి 200 పిక్సెళ్ల లెక్కన ఆరడుగులకు పన్నెండడుగుల ప్రింటుకు 41 కోట్లకు పైగా పిక్సెళ్లు కావాలి. 12 మెగాపిక్సెళ్ల ఫోన్ ఫొటోలో ఉండేవి 1.2 కోట్లే! తెర మీద ఆనని ధూళి మచ్చ గోడ మీద ఆవగింజంత అవుతుంది. అందుకే ఫైలును పూర్తి సైజులో పెట్టి, ముక్క ముక్కగా చూస్తూ శుభ్రం చేస్తారు. రంగులది మరో తంటా. వెలుగుతూ కనిపించే తెర మీది రంగులు కాగితం మీద కాస్త డీలా పడతాయి. అందుకే ల్యాబ్ ఇచ్చే రంగుల ప్రొఫైల్‌తో ముందే సరిచూసుకుంటారు. ఫొటోకు పదును పెట్టేది చివర్లో, అసలు సైజు ఖాయమయ్యాకే. ఆ తర్వాత కీలకమైన చోటు నుంచి జానెడు పట్టీని అదే సైజులో ప్రింటు తీసి చూస్తారు. ఈ జాగ్రత్త ఎందుకంటే... ఇలాంటి ఫొటోలను చాలావరకు యాక్రిలిక్ పలకకు సిలికోన్‌తో అతికిస్తారు. ఒకసారి అతికాక పాడవకుండా ఊడి రావడం కష్టం!

మనింటి గోడకైతే...

తాతయ్య ఫొటోను పెద్దది చేయించాలనుకునేవాళ్లకూ ఇదే సూత్రం. 4/6 అంగుళాల పాత ఫొటోను 1200 డీపీఐలో స్కాన్ చేయిస్తే, అంగుళానికి 200 పిక్సెళ్ల లెక్కన రెండడుగులకు మూడడుగుల ప్రింటు వేయించుకోవచ్చు. పాత ఫొటోలో లేని వివరం మాత్రం ఎంత స్కాన్ చేసినా రాదు. అదే ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది. ఫైలుగా పంపడమే మేలు.

మడతల గీతలు, చెమ్మ మరకలు చెరపొచ్చు. బుగ్గ మీది పుట్టుమచ్చ, నుదుటి ముడతలూ చెరిపేస్తే? ఫొటో నున్నగా వస్తుంది, తాతయ్యే ఉండరు. ఏది తీసేయాలి, ఏది ఉంచాలన్నది ల్యాబ్‌కు వదిలేసే పని కాదు. ఇంట్లోవాళ్లు పక్కన కూర్చుని చెప్పాల్సిందే.

గుర్‌స్కీ కావాలనే చెరిపారు. ఆయనకు కావలసింది ఒట్టి నది. డ్యూసెల్‌డార్ఫ్ వెళ్లినవాళ్లకు మాత్రం ఆ ఒడ్డున కుక్కలతో షికారుకొచ్చేవాళ్లు ఇప్పటికీ ఎదురవుతారు.