వలందావారి దేశంలో

జంషెడ్‌పూర్ చెంత గమ్హరియాలో గడచిన నా బాల్యంలో హాలండు దేశం ఒక దుప్పటి మడతలలో ఉండేది. ఉక్కు కర్మాగారాల సీమకు వచ్చి స్థిరపడినా, మా నాయనమ్మ తాను పుట్టిన బందరును మరువలేదు. ఆమె పెట్టెలో తీగలూ పూవులూ దిద్దిన కలంకారీ దుప్పటి ఒకటి ఉండేది. “ఇటువంటి వాటికోసమే వలందావారు ఓడలెక్కి వచ్చారురా నాయనా” అనేది. హాలండువారిని మన పెద్దలు అలాగే పిలిచేవారు. బందరులోని వలందపాలెం ఆ పేరును నేటికీ మోస్తున్నది.

ఆ మాట నన్ను విడువలేదు. 1602లో ఏర్పడిన వారి వర్తకసంఘం చరిత్ర చదివాను. రెంబ్రాంట్ చిత్రాల ప్రతులు సేకరించాను. తల నెరసిన తరువాత ఆ దేశం చూచాను. ఆమ్‌స్టర్‌డామ్ కాలువలూ, 1642 నాటి ‘రాత్రి పహరా’ చిత్రమూ ఊహించినట్లే ఉన్నాయి. ఊహింపనిది ఉత్తరాన, లేవార్డెన్ ప్రదర్శనశాలలో ఎదురైంది: గాజుపలకల వెనుక మన కోరమాండల్ తీరపు అద్దకపు వస్త్రాలు! హిందెలోపెన్ రేవు స్త్రీలు వాటితో పొడవైన అంగీలు కుట్టించుకొనేవారు. ఆ గుడ్డను అక్కడ ‘సిట్స్’ అంటారు. మన ‘చీటి’ గుడ్డకు ఆ మాట చుట్టమే.

ప్రక్కనున్న చీటీలో తీరం పేరుంది, శతాబ్ది ఉంది. కలం పట్టిన వాని పేరు లేదు. నిందింపబోయి ఆగిపోయాను. నాయనమ్మ పోయిన తరువాత ఆ దుప్పటిని మేమేమి చేశాము? చింపి లాంతరు చిమ్నీలు తుడుచుకొన్నాము. దానిని దిద్దినవారెవరో ఆమె బ్రతికి ఉండగా మేమూ ఏనాడూ అడుగలేదు.