గుడియాత్తం నీళ్లలో ఆఫ్రికా చేపలు

వేలూరికి వెళ్లినవారు కోట చూడకుండా తిరిగి రారు. విజయనగరపు నాటి రాతి గోడలు, చుట్టూ నీటితో నిండిన అగడ్త, లోపల జలకంఠేశ్వరుని గుడి. దేవుడి పేరులోనే నీరున్నది గాని, ఊరి పక్కన పాలారు చాలా నెలలు వట్టి ఇసుకే. 2021 నవంబరులో వరద వచ్చిందంటే అది వేరే మాట. చాలా ఇళ్లకు బోరునీరే ఆధారం. ఆ నీరెటువంటిదో బిందె అడుగున పేరుకొన్న తెల్లని పొర చెబుతుంది. పప్పు వుడకదు, సబ్బు నురగ రాదు.

పడమరగా ముప్పై కిలోమీటర్లు దాటితే గుడియాత్తం. లుంగీల మగ్గాలకూ, అగ్గిపెట్టెలకూ పేరుపడ్డ ఊరు. చిత్తూరు కొండల్లోనుండి వచ్చే కౌండిన్య నది మోర్ధానా ఆనకట్ట దాటి యీ ఊరిమీదుగా పోయి పాలారులో కలుస్తుంది. బజారులో తెలుగుమాటకు కొదవ లేదు.

అక్కడ మా చిన్నాయనగారింటి నడవలో నాలుగడుగుల గాజుతొట్టి వున్నది. పసుపు, నీలం రంగుల చేపలు ఒకదాన్నొకటి తరుముతూ రాళ్ల సందుల్లో దూరుతున్నాయి.

"ఇవి ఏ సముద్రానివి, చిన్నాయనా?"

"సముద్రం కాదబ్బాయ్, ఆఫ్రికాలో మలావీ సరస్సువి. మనం తిట్టుకొనే యీ నీళ్లే వీటికి నచ్చుతాయి."

మాట నిజమే. సిక్లిడ్ జాతికి చెందిన యీ చేపలు పుట్టిన సరస్సు దాదాపు 580 కిలోమీటర్ల పొడవు. దాని నీటిలో క్షారగుణం ఎక్కువ, పి.హెచ్. సుమారు 7.7 నుండి 8.6 దాకా వుంటుంది. అయితే కఠినజలం వేరు, చెడిన జలం వేరు. పాలారు వొడ్డున తోళ్ల కర్మాగారాల వ్యర్థాలు దిగిన బావుల సంగతి 1996లో సుప్రీంకోర్టు తీర్పుదాకా వెళ్లింది. అటువంటి నీరు మనిషికీ పనికిరాదు, చేపకూ పనికిరాదు. తొట్టిలో పోసేముందు పరీక్ష చేయించవలె.

మరొక చిక్కున్నది. క్షారజలంలో అమ్మోనియా విషం మరింత తీవ్రంగా పనిచేస్తుంది. గావున ముద్దు చేసి మేత ఎక్కువ వేయరాదు. రాళ్లమీది నాచు గీరి తినే జాతులకు మాంసపు మేత పెడితే కడుపుబ్బి చస్తాయి. వారానికొకసారి పాతిక వంతు నీరు మార్చాలి. వేలూరు ఎండల్లో తొట్టినీరు ముప్పై డిగ్రీలు దాటితే అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. చిన్నాయన తొట్టిమీదికి ఫ్యాను తిప్పి పెడతారు. పిన్నమ్మకు ఉక్కపోసినా సరే!

తల్లిచేప గుడ్లను నోట్లోనే పెట్టుకొని సుమారు మూడు వారాలు పస్తుంటుంది. ఆ దవడ ఉబ్బు చూడ్డానికి వీధిలోని పిల్లలంతా వస్తారు.

పిల్లలు ఎక్కువైనప్పుడు వాటిని కౌండిన్యలో వదిలేద్దామని ఇరుగుపొరుగు సలహా ఇస్తారు. చిన్నాయన ఒప్పుకోరు. తమిళులు జిలేబి కెండై అనే తిలాపియా కూడ ఆఫ్రికా సిక్లిడ్డే. 1952లో మన దేశానికి తెచ్చారు. చెరువుల్లో పడి, అదీ నోట్లో పిల్లల్ని సాకుతూ, ఎన్నోచోట్ల దేశవాళీ చేపలకు తావు లేకుండా చేసింది. అందుకే ఆయన తొట్టి మార్చిన నీళ్లు కొబ్బరిపాదులో పోస్తారు. పిల్లల్ని మాత్రం, తొట్టి వున్నవాళ్లెవరైనా అడిగితే, సంచిలో కట్టి ఇస్తారు.