తాళం వేయొద్దనే దీవి

బండి దిగితే తాళం వేయాలి. ఎక్కడైనా అదే పద్ధతి. కరీబియన్ సముద్రంలోని బొనైర్ దీవిలో మాత్రం వ్యవహారం తిరగబడుతుంది. అద్దె బండి తాళంచెవి చేతిలో పెడుతూనే, ‘సముద్రం ఒడ్డున ఆపినప్పుడు తలుపులకు తాళం వేయకండి. అద్దాలు కిందికి దించేయండి. లోపల మాత్రం ఏమీ ఉంచకండి’ అని మరీ మరీ చెబుతారు. కొత్తవాళ్లకు ఇదేం చోద్యం అనిపిస్తుంది. దొంగ రావడం ఎలాగూ ఆపలేం, వచ్చినవాడు అద్దం పగలగొట్టకుండా చూసుకుని వెళ్లిపోతే అదే పదివేలు... అదీ అసలు సంగతి!

వెనిజులా తీరానికి దాదాపు 80 కిలోమీటర్ల ఉత్తరాన ఉంటుంది బొనైర్. 2010 అక్టోబరు 10 నుంచి నెదర్లాండ్స్ దేశంలో ప్రత్యేక మునిసిపాలిటీ. అయినా చెల్లేది యూరో కాదు, 2011 నుంచి అమెరికా డాలరు. స్కూబా డైవింగ్ చేసేవాళ్లకు ఈ పేరు చెబితే చాలు, కళ్లు మెరుస్తాయి. వేరేచోట మంచి పగడపు దిబ్బ చూడాలంటే పడవెక్కి సముద్రంలోకి వెళ్లాలి. ఇక్కడ ఆ అవసరం లేదు. ఒడ్డు నుంచి నాలుగు బారలు ఈదితే చాలు, కాళ్ల కిందే పగడాల లోకం మొదలవుతుంది. దీవి చుట్టూ 80కి పైగా డైవింగ్ చోట్లు. వాటిలో చాలావాటికి రోడ్డు మీద నుంచే దిగిపోవచ్చు. రోడ్డు పక్కన పసుపు రంగు రాయి మీద పేరు రాసి ఉంటుంది. అదే బస్‌స్టాపు బోర్డు అనుకోండి! ఒక పికప్ ట్రక్కు అద్దెకు తీసుకుని, వెనక గాలి సిలిండర్లు వేసుకుని, నచ్చిన రాయి దగ్గర ఆపి నీళ్లలోకి నడిచిపోవడమే. గైడు అక్కర్లేదు, టైమూ అక్కర్లేదు.

ఈ స్వేచ్ఛ ఊరికే రాలేదు. 1962లో ఇక్కడ కాలుపెట్టిన అమెరికన్ డాన్ స్టూవర్ట్... ఆయన్ని అందరూ ‘కెప్టెన్ డాన్’ అంటారు... డైవింగ్‌నీ, పగడాల రక్షణనీ దీవికి అలవాటు చేశాడు. నీటి అడుగున బల్లెంతో చేపలు కొట్టడాన్ని 1971లో నిషేధించారు. 1979లో దీవి చుట్టూ ఉన్న సముద్రాన్ని, ఒడ్డు నుంచి 60 మీటర్ల లోతు వరకూ మెరైన్ పార్కుగా ప్రకటించారు. చేతికి తొడుగులు వేసుకుని నీళ్లలో దిగడం కూడా ఇక్కడ కుదరదు. తొడుగు ఉంటే పగడాన్ని పట్టుకోబుద్ధేస్తుందని!

అంత జాగ్రత్తగా కాపాడుకుంటున్న సముద్రం ఒడ్డునే ఈ చిల్లర దొంగతనాల బెడద. దొంగ వైపు నుంచి చూస్తే ఇంతకంటే సుఖమైన పని ఉండదు. సిలిండర్లు పెట్టుకునే చట్రం ఉన్న పికప్ అంటే పర్యాటకులదేనని దూరం నుంచే తెలిసిపోతుంది. ఇద్దరు మనుషులు ట్యాంకులు తగిలించుకుని నీళ్లలోకి వెళ్లారు. తలలు మునిగాయి. బుడగలు దూరమయ్యాయి. ఇక ముప్పావు గంటో గంటో వాళ్లు రారు. అంత గ్యారంటీ ఇచ్చి వెళ్లే యజమాని మరెక్కడ దొరుకుతాడు? చుట్టూ చూస్తే ఇల్లు లేదు, దుకాణం లేదు. దక్షిణ తీరంలో అయితే ఒకవైపు సముద్రం, మరోవైపు ఉప్పుమళ్లు, మధ్యలో రోడ్డు. ఫోను, పర్సు, కెమెరా, చలువ కళ్లద్దాలు... చేతికి అందింది పోతుంది.

ఆ దక్షిణ తీరంలోనే ‘రెడ్ స్లేవ్’, ‘వైట్ స్లేవ్’ అనే డైవింగ్ చోట్లున్నాయి. పేర్లు ఊరికే పెట్టినవి కావు. రోడ్డు పక్కన మనిషి నడుం ఎత్తు గుమ్మాలతో బొమ్మరిళ్లలాంటి రాతి గుడిసెలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. 1850 ప్రాంతంలో ఉప్పుమళ్లలో పనిచేసే బానిసలు తలదాచుకోవడానికి కట్టినవవి. వాళ్ల ఇళ్లేమో ఉత్తరాన రింకాన్ గ్రామంలో. వారానికోసారి గంటల తరబడి నడిచి వెళ్లి పెళ్లాం పిల్లల్ని చూసుకుని మళ్లీ వచ్చేవాళ్లు. డచ్చి వలసల్లో బానిసత్వం రద్దయింది 1863లో. ఇప్పుడు అదే గుడిసెల ముందు అద్దె ట్రక్కులు బారులు తీరుతున్నాయి. వచ్చే అతిథి అడుగుపెట్టగానే 75 డాలర్ల ప్రవేశ పన్ను కడతాడు. దాదాపు ప్రతి సరుకూ ఓడలోనో విమానంలోనో రావాల్సిన చోట స్థానికుడికి మాత్రం బతుకు ఖరీదే. దొంగతనానికి ఇది సమర్థన కాదు. అలాగని దీవి మొత్తాన్నీ దొంగల దిబ్బ అనేయడమూ అన్యాయమే. పలకరిస్తే నవ్వుతూ ‘బోన్ బిని’ అని స్వాగతం చెప్పే జనం వాళ్లు.

నిజానికి బొనైర్ కరీబియన్‌లో శాంతంగా ఉండే దీవుల్లో ఒకటి. ఇక్కడి భయం వస్తువులకే, ప్రాణానికి తక్కువ. అన్ని దీవులూ ఒకటి కావు మరి. కొన్నిచోట్ల సాయుధ దోపిడీల భయం ఉంటుంది. ఒకే దేశంలోనూ తేడాలుంటాయి. 2024 జనవరిలో బహమాస్ గురించి అమెరికా విదేశాంగశాఖ ఇచ్చిన హెచ్చరిక ప్రధానంగా నస్సావ్, ఫ్రీపోర్ట్ నగరాలున్న రెండు దీవుల గురించే. ఆ దేశంలోనే ఉన్న వందలాది చిన్న దీవుల పరిస్థితి వేరు. టికెట్ కొనేముందు దేశం పేరు ఒక్కటే కాదు, దిగబోయే దీవి పేరు కూడా పెట్టి చూసుకోవాలి.

వస్తువులకే కదా అని తేలిగ్గా తీసుకోవడానికీ లేదు. డైవింగ్‌లో మొదటి పాఠం... ఒంటరిగా దిగకూడదు, పక్కన జోడీ ఉండాలి. బండికి కాపలాగా ఒకరు ఒడ్డున ఉండిపోతే రెండోవాళ్లు ఒంటరిగా దిగినట్టే. పర్సు కోసం ఆ నియమం తప్పడం ఎంత తెలివితక్కువ పనో చెప్పక్కర్లేదు. ఇద్దరూ దిగినా మనసు బండి మీదే ఉంటే మరో చిక్కు. లోతు నుంచి నెమ్మదిగా పైకి రావాలి. అయిదు మీటర్ల లోతున మూడు నిమిషాలు ఆగాలి. ఒంట్లో కరిగిన నత్రజని మెల్లగా బయటికి పోవడానికే ఈ ఆగడం. బండి ఏమైందోనన్న ఆత్రంలో పైకి దూసుకొస్తే ఆ వాయువు బుడగలు కట్టి కీళ్లనొప్పుల నుంచి పక్షవాతం దాకా తెచ్చిపెడుతుంది. చికిత్సకు పీడన గది రాజధాని క్రాలెండైక్‌లో ఉంది గానీ, దాని అవసరం రాకుండా చూసుకోవడమే మేలు.

అమెరికాలో ఉద్యోగాలు చేసుకునే మనవాళ్లకు ఇంకో సంగతి. డైవింగ్ నేర్చుకుని సెలవుల్లో కరీబియన్ వెళ్లే కుర్రకారు బండిలో వదలకూడని మొదటి వస్తువు కెమెరా కాదు, పాస్‌పోర్టు. హెచ్‌1బీ వీసా ముద్ర అందులోనే ఉంటుంది. అది పోతే ముందు పోలీసు రిపోర్టు, తర్వాత భారత రాయబార కార్యాలయం ద్వారా కొత్త పాస్‌పోర్టు, ఆ తర్వాత అమెరికా కాన్సులేట్‌లో మళ్లీ వీసా. బొనైర్‌లో ఆ రెండు ఆఫీసుల్లో ఒక్కటీ లేదు. అమెరికా కాన్సులేట్ పొరుగు దీవి క్యూరసావ్‌లో ఉంది. సోమవారం ఆఫీసుకు వెళ్లాల్సినవాళ్లు ఎన్ని సోమవారాలు ఆగాలో! పాస్‌పోర్టు బస చేసిన గదిలో లాకర్‌లో ఉండాలి, నకలు ఇంట్లోవాళ్ల దగ్గర ఉండాలి.

అలవాటైనవాళ్లు ఒడ్డుకు తీసుకెళ్లేది చాలా తక్కువ. ఒక పాత తువాలు, నీళ్ల సీసా, తెగిపోయినా బాధలేని చెప్పులు. చిల్లర డబ్బు, తాళంచెవి నీళ్లు చొరని చిన్న డబ్బాలో పెట్టి ఒంటికే తగిలించుకుంటారు. బటన్ నొక్కితే తెరుచుకునే కొత్తరకం తాళంచెవికి ఉప్పునీళ్లు పడవు కాబట్టి, బండి తీసుకునేటప్పుడే మామూలు ఇనప తాళంచెవి ఉన్నది అడుగుతారు. కొందరు తాళంచెవిని రాయి కింద దాస్తారు. దూరం నుంచి గమనించేవాడికి అదే సులువు! బండిలో వస్తువులు పోతే అద్దె కంపెనీ బీమా సాధారణంగా వర్తించదు. ప్రయాణ బీమా ఉంటే పోలీసు రిపోర్టు కాగితం తప్పనిసరి. ఇన్ని లెక్కలు పెట్టుకోలేం అనుకునేవాళ్లకు పడవ డైవింగ్ ఉంది, బస చేసిన రిసార్టు ముందే దిగే వీలూ ఉంది. రాత్రిపూట డైవింగ్‌కు అయితే ఊరి దీపాల వెలుగున్న చోట్లే నయం.

రాత్రి అనగానే ఇంకొకటి. ఒకప్పుడు మోత బరువులకు స్పెయిన్ వాళ్లు తెచ్చిన గాడిదల సంతతి ఇప్పటికీ ఇక్కడ తిరుగుతోంది. చాలావాటిని శరణాలయంలో పెట్టి పోషిస్తున్నా, కొన్ని రోడ్ల మీదే కనిపిస్తాయి. దీపాలు లేని దక్షిణ రోడ్డులో బండి ముందుకు ఎవరో వచ్చారని గుండె ఝల్లుమంటే, ముందు చెవులు పొడుగ్గా ఉన్నాయేమో చూడాలి.