తెలుగు మాటకు తెలుగు అక్షరమేదీ?

ప్రవాసంలో నలుగురు తెలుగువాళ్లు కూడి టీవీ మాట ఎత్తితే ఫిర్యాదుల జాబితా మారదు. సీరియళ్లు సాగదీస్తున్నారు, అత్తాకోడళ్ల ఎత్తులు పైఎత్తులు తప్ప కథ లేదు, కామెడీ షోల నిండా రెండర్థాల మాటలు, రియాలిటీ షోల నిండా అరుపులు. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ హైదరాబాదులోనో గుంటూరులోనో కూర్చుని చూసేవాళ్లూ ఇవే మాటలంటున్నారు. దేశం దాటి వచ్చినందుకు మనకు ప్రత్యేకంగా తగిలే లోటు ఒకటుంది, దాని గురించి మాత్రం ఎవరూ నోరెత్తరు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఒక తెలుగింట్లో ఓటీటీ పెట్టి తెలుగు సిరీస్ చూస్తున్నారనుకోండి. వినబడేది తెలుగు, తెర కింద కనబడేది ఇంగ్లీషు. ఇంగ్లీషు వద్దని తీసేస్తే తెర ఖాళీ. తెలుగు మాటను తెలుగులోనే చదువుకునే వీలు చాలా చోట్ల అసలు లేదు. టీవీ ఛానళ్లలోనూ అంతే. వార్తల ఛానళ్లు తెరను అక్షరాలతో నింపేస్తాయి నిజమే, కానీ కింద పరుగెత్తే ఆ స్క్రోలింగుకూ పైన యాంకర్ చెప్పే మాటకూ సంబంధం ఉండదు. చెవికి ఒక వార్త, కంటికి మరొకటి. తెలుగు కార్యక్రమానికి తెలుగు సబ్‌టైటిళ్లు తప్పనిసరిగా ఉండాలన్నది నా వాదన. సీరియళ్ల నాణ్యత గురించి మనం పడే బాధలో సగమైనా దీని మీద పెట్టి ఉంటే ఈపాటికి ఏదో ఒకటి జరిగేదని కూడా అనిపిస్తుంది.

ఇది ఎవరికి కావాలి? ముందుగా ఇక్కడ అమెరికాలో పుట్టి పెరుగుతున్న పిల్లలకు. అమెరికా జనగణన వివరాల ఆధారంగా వచ్చిన ఒక విశ్లేషణ ప్రకారం 2010 నుంచి 2017 దాకా ఈ దేశంలో ఇళ్లలో మాట్లాడే భాషల్లో అన్నిటికన్నా వేగంగా పెరిగింది తెలుగే. ఆ ఏడేళ్లలో తెలుగు మాట్లాడేవాళ్ల సంఖ్య 86 శాతం పెరిగి నాలుగు లక్షలు దాటింది. పెరిగిన ఆ సంఖ్యలో ఎక్కువమంది చదువుకో ఉద్యోగానికో వచ్చిన పెద్దవాళ్లు. వాళ్ల పిల్లల సంగతి అందరికీ తెలిసిందే: అమ్మ తెలుగులో అడుగుతుంది, పిల్ల ఇంగ్లీషులో జవాబు చెబుతుంది. చెవికి భాష వచ్చు, నాలుకకు కొంత వచ్చు, కంటికి అసలు రాదు. పిల్లలకు తెలుగు నేర్పే సిలికానాంధ్ర మనబడి 2007 నుంచి ఈ లోటు పూడ్చడానికి పాటుపడుతోంది, ఇంకా ఎన్నో సంఘాలు వారాంతపు తరగతులు నడుపుతున్నాయి. వాటి మీద నాకు గౌరవమే ఉంది. చిక్కల్లా తరగతి అయిపోయాక మొదలవుతుంది. ఏలూరులో పిల్లవాడు బడి వదిలాక కూడా అక్షరాల మధ్యే తిరుగుతాడు. బస్సు మీద ఊరి పేరు, కొట్టు మీద బోర్డు, గోడ మీద సినిమా పోస్టరు, కిళ్లీకొట్టు ముందు వేలాడే దినపత్రిక. ఎడిసన్‌లోనో ఫ్రిస్కోలోనో పెరిగే పిల్లకు ఆదివారం నేర్చుకున్న ‘క్ష’ మళ్లీ వచ్చే ఆదివారం దాకా ఎదురుపడదు. రోజూ ఇంట్లోకి తెలుగు ధారగా వచ్చే దారి ఒక్కటే ఉంది, అది టీవీ. ఆ ధారలో అక్షరం కలపకుండా వదిలేస్తున్నాం.

‘ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు ఉన్నాయిగా, పిల్లలకు కథ అర్థమవుతోంది, వింటూ వింటూ తెలుగు వచ్చేస్తుంది’ అనేవాళ్లున్నారు. వినడానికి సబబుగానే ఉంటుంది గానీ ఆధారాలు దీనికి ఎదురు తిరుగుతున్నాయి. నెదర్లాండ్స్‌లో హోల్గర్ మిటరర్, జేమ్స్ మెక్‌క్వీన్ అనే పరిశోధకులు చేసిన ఒక ప్రయోగం 2009లో అచ్చయింది. ఇంగ్లీషు బాగా వచ్చి, స్కాట్లండ్ యాస, ఆస్ట్రేలియా యాస అలవాటు లేని డచ్చి విద్యార్థులను తీసుకున్నారు. ‘ట్రెయిన్‌స్పాటింగ్’ అనే స్కాట్లండ్ సినిమా, ‘కాథ్ అండ్ కిమ్’ అనే ఆస్ట్రేలియా హాస్య సీరియల్ చూపించారు. కొందరికి ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు, కొందరికి డచ్చివి, కొందరికి ఏవీ లేవు. తర్వాత అవే యాసల్లో మాటలు వినిపించి, విన్నది తిరిగి చెప్పమన్నారు. ఇంగ్లీషు అక్షరాలతో చూసినవాళ్ల చెవి పదునెక్కింది. సొంత భాష డచ్చిలో అక్షరాలు చదువుతూ చూసినవాళ్లు, అంతకుముందు వినని వాక్యాల దగ్గరకు వచ్చేసరికి, ఏ అక్షరాలూ లేకుండా చూసినవాళ్లకన్నా వెనకబడ్డారు. మాట ఒక భాషలో, రాత ఇంకో భాషలో ఉన్నప్పుడు మెదడు తేలికైన దారి పట్టుకుంటుందన్నమాట. చదివేస్తే కథ తెలిసిపోతుంది, ఇక వినడం దేనికి? మనింట్లో జరిగేది దాదాపు ఇదే. ఇక్కడి పిల్లలకు చదివే భాష ఇంగ్లీషు. తెలుగు సినిమా కింద ఇంగ్లీషు అక్షరాలు పెడితే కళ్లు వాటిమీదే నిలిచి, తెలుగు మాట నేపథ్య సంగీతంలా వెనక్కి పోతుంది. ఆ ప్రయోగం పెద్ద విద్యార్థుల మీద, యాసల మీద జరిగింది కాబట్టి మన పిల్లలకు అచ్చంగా అతికించలేం. ఒప్పుకుంటాను. కానీ తెలుగు సినిమాలు ఎన్ని చూసినా పిల్లలకు తెలుగు రావడం లేదేమని వాపోయే తల్లిదండ్రులకు ఒక కారణం ఇందులో కనబడుతుంది.

ఒకే భాషలో మాట, రాత కలిపి చూపించడం మనకు పరాయి ఆలోచన కూడా కాదు. అహ్మదాబాద్ ఐఐఎంలో పనిచేసిన బ్రిజ్ కొఠారి 1990ల నుంచి దీని మీదే కృషి చేశారు. పాటల కార్యక్రమాలకు అదే భాషలో పాట సాహిత్యాన్ని తెర మీద చూపిస్తే, బడి మధ్యలో మానేసి చదువు మరిచిపోతున్నవాళ్లకు అక్షరం తిరిగి దగ్గరవుతుందన్నది ఆయన సూత్రం. 1999లో దూరదర్శన్ గుజరాతీ పాటల కార్యక్రమంతో మొదలై, తర్వాత తెలుగుతో సహా అనేక భాషలకు అది పాకింది. పాటనే ఎందుకు ఎంచుకున్నారంటే, నోటికి వచ్చిన పాటలో తర్వాతి మాటేదో చూసేవాడికి ముందే తెలుసు. కన్ను ఆ మాటను వెతుక్కుంటూ వెళుతుంది. అందులో చదువుతున్నానన్న శ్రమ ఉండదు. బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయంలో గెరీ డీదెవాల్ బృందం కళ్ల కదలికలు కొలిచి చూసినప్పుడు కూడా, అవసరం ఉన్నా లేకపోయినా తెర మీద అక్షరం కనబడితే మనిషి చూపు దాని మీదికి పోతుందనే తేలింది. ఇక సొంతగడ్డ సంగతి చూస్తే, 2011 జనగణన నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత 67 శాతం దగ్గర ఉంది. కాబట్టి ఇది ప్రవాసుల పిల్లల ముచ్చట ఒక్కటే అనుకోవద్దు. సొంతూళ్లో అమ్మమ్మకూ, అమెరికాలో మనవరాలికీ ఒకే మందు పనిచేసే సందర్భం ఇది. అసలు మన పల్లెలకు టీవీ వచ్చిందే చదువు పేరు చెప్పి. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు పాఠాలు, వ్యవసాయం, ఆరోగ్యం గురించిన కార్యక్రమాలు చూపించిన ‘సైట్’ ప్రయోగంలో పాల్గొన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. యాభై ఏళ్లయింది. ఛానళ్లు వచ్చాయి, రంగులు వచ్చాయి, ఆ లక్ష్యం ఎటుపోయిందో తెలియదు.

మాట, రాత కలిపి చూపించడానికి అనువైన సరుకుకు తెలుగులో కొదవ లేదు. 1996లో ఈటీవీలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం మొదలుపెట్టిన పాటల పోటీ ‘పాడుతా తీయగా’నే తీసుకోండి. గాయకుడు ఒక ఒత్తు మింగేసినా, శ, ష, స కలగాపులగం చేసినా ఆయన ఆపి సరిచేసేవారు. కవి ఆ మాట ఎందుకు వేశాడో విడమరిచి చెప్పేవారు. ఆ పాట సాహిత్యం అడుగున పెద్ద అక్షరాల్లో నడిస్తే అదొక తెలుగు తరగతి. సీరియళ్లు కూడా ఈ ఒక్క విషయంలో పనికొస్తాయని నా అనుమానం. కోడలు ఒక మాట అనడం, అత్తగారి మొహం మూడు కోణాల్లో మూడుసార్లు చూపించడం, వెనక మెరుపులు ఉరుములు, ఆపైన ఆడపడుచు మొహం. అప్పుడే అక్షరాలు కూడబలుక్కునే పిల్లకు ఒక వాక్యం చదువుకోవడానికి అంతకన్నా తీరిక ప్రపంచంలో ఏ టీవీ ఇవ్వదు. గున్నం గంగరాజు హాస్య సీరియల్ ‘అమృతం’ లాంటిదైతే హాస్యమంతా మాటల్లోనే ఉంది కాబట్టి, చదివితే రెండోసారి నవ్వొస్తుంది.

అక్షరాలు అడ్డం, బొమ్మ చెడిపోతుంది అనే అభ్యంతరం ఎప్పుడూ వచ్చేదే. బ్రిటన్‌లో ప్రసార నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2006లో అడిగి చూస్తే సబ్‌టైటిళ్లు వాడేవాళ్లు 75 లక్షలమంది తేలారు, అందులో 60 లక్షలమందికి వినికిడి లోపమేమీ లేదు. అడ్డమైతే ఇంతమంది ఎందుకు పెట్టుకుంటారు? వద్దనుకున్నవాళ్లకు ఆపేసే మీట ఎలాగూ ఉంటుంది, గొడవే లేదు. వినికిడి లోపం ఉన్నవాళ్ల విషయంలో అయితే ఈ అభ్యంతరానికి అర్థమే లేదు. వయసు మీద పడి చెవి మందగించిన తెలుగు తాతకు ఇంగ్లీషు సబ్‌టైటిల్ ఏం సాయం చేస్తుంది?

యాసల ప్రశ్న ఇంకా గట్టిది. తెలంగాణ మాట, రాయలసీమ మాట, ఉత్తరాంధ్ర మాట. వీటిని పలికినట్టు రాయాలా, పుస్తక భాషలోకి మార్చాలా? పలికినట్టే రాయాలి. సినిమాల్లో, సిరీసుల్లో యాస ఇప్పుడు వేషం కోసం వాడే వస్తువు కాదు, కథ దాని మీదే నిలబడుతోంది. దాన్ని సరిదిద్ది రాస్తే మాటకూ రాతకూ పొత్తు తప్పుతుంది, మనం కోరిన ప్రయోజనమే పోతుంది. యాస రాతలో చూడటం వల్ల ఇంకో లాభం కూడా ఉంది. శ్రీకాకుళం మాట చెవికి పట్టని కోనసీమ మనిషికి కంటికి కనబడితే పట్టుబడుతుంది. చైనాలో ఒక ప్రాంతం మాట మరో ప్రాంతానికి అర్థం కాదు కనుక టీవీలో దాదాపు ప్రతిదానికీ చైనీ అక్షరాలు వేస్తారు. మన యాసల మధ్య అంత దూరం లేదు. కాబట్టి అక్కడ వీలైనది ఇక్కడ మరీ సులువు.

ఖర్చు సంగతి. సీరియల్ సంభాషణలు ఎవరో ఒకరు రాసి, సీన్ పేపర్ చేతికిస్తేనే నటులు పలుకుతారు. హిందీ నుంచి, తమిళం నుంచి వచ్చే డబ్బింగ్ సరుకుకూ తెలుగు మాటలు కాగితం మీద ఉన్నవే. అంటే సబ్‌టైటిల్‌కు కావలసిన ముడిసరుకు ముందే తయారుగా ఉంది. దాన్ని సమయానికి తగ్గట్టు తునకలు చేయడం, నటులు మార్చిన మాటలు సరిచూడడం మాత్రమే పని. ఒకప్పుడు సాంకేతికంగా నిజమైన అడ్డంకి ఉండేది. అమెరికా పాత టీవీ క్యాప్షన్ పద్ధతి రోమన్ అక్షరాలకే పుట్టింది, ఒత్తులూ గుణింతాలూ దానికి లొంగవు. ఇప్పుడు ఫోన్‌లో, స్మార్ట్ టీవీలో ప్రపంచ లిపులకు చోటిచ్చే యూనికోడ్ ఉంది, తెలుగు అందులో 1991 నుంచే ఉంది. ఒక్క జాగ్రత్త చాలు: తెలుగు అక్షరం కిందికీ పైకీ పెరుగుతుంది కాబట్టి ఇంగ్లీషుకు వాడిన సైజులో, వరుసల మధ్య అదే ఎడంతో వేస్తే ఎవరూ చదవలేరు. పెద్దగా, రెండు వరుసలు మించకుండా వేయాలి.

అయితే ఎవరు చేయిస్తారు? అమెరికాలో 1990 నాటి చట్టం వల్ల 13 అంగుళాలు, అంతకన్నా పెద్ద టీవీలన్నిటిలో 1993 నుంచి క్యాప్షన్లు చూపే చిప్ తప్పనిసరి అయింది. కార్యక్రమాలకు క్యాప్షన్లు వేయడాన్ని 1996 చట్టం ఛానళ్ల బాధ్యత చేసింది. కానీ ఇంగ్లీషు, స్పానిష్ కాని భాషల కార్యక్రమాలకు చాలామటుకు మినహాయింపు ఉంది. ఇక్కడ మనకు చట్టం తోడు లేదు. ఇండియాలో వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, వినికిడి లోపం ఉన్నవాళ్ల కోసం టీవీ ప్రమాణాలను కేంద్ర సమాచార ప్రసార శాఖ 2019 సెప్టెంబరులో విడుదల చేసింది. తెలుగు వినోద ఛానళ్ల తెర చూస్తే ఆ ప్రమాణాలు వచ్చిన జాడ వెతుక్కోవాలి. కనుక అడగవలసింది చందా కట్టేవాళ్లే.

ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు తీసేయమని నేననడం లేదు. తెలుగురాని అల్లుడికి, కోడలికి, ఇరుగుపొరుగుకు అవి కావాలి. రెండూ పెట్టమంటున్నాను. ఒక చిన్న భాష ఈ పని చేసి చూపించింది. వేల్స్‌లో వెల్ష్ మాట్లాడేవాళ్లు 2021 లెక్క ప్రకారం సుమారు 5 లక్షల 38 వేలు. వాళ్ల ఎస్4సి ఛానల్ 1982లో, ఒక నాయకుడు నిరాహార దీక్షకు కూర్చుంటానని హెచ్చరించిన తర్వాతే మొదలైంది. అది ఇంగ్లీషు సబ్‌టైటిళ్లతో పాటు, భాష నేర్చుకునేవాళ్ల కోసం వెల్ష్‌లోనూ సబ్‌టైటిళ్లు ఇచ్చింది. ఇండియా 2011 జనగణనలో తెలుగు మాతృభాష అన్నవాళ్లు 8 కోట్ల 11 లక్షలు. మనకు లేనిది డబ్బూ కాదు, జనమూ కాదు.

తెలుగు సబ్‌టైటిళ్లు రాగానే పిల్లలంతా గబగబా చదివేస్తారని నమ్మబలకను. అక్షరమాల పూర్తిగా తెలియని పిల్లకు ఇవి గీతలే. ముందు ఎవరో ఒకరు అఆలు దిద్దించాలి. దిద్దిన అక్షరం చెరిగిపోకుండా కాపాడటమే టీవీ చేయగల పని. ఈసారి చందా గడువు తీరినప్పుడు మీ ఓటీటీ వాళ్లకు ఒక ఉత్తరం రాయండి: తెలుగు సబ్‌టైటిళ్లు ఎప్పుడు పెడతారని. తానా, ఆటా, నాట్స్ వంటి ఇక్కడి తెలుగు సంఘాల మహాసభలకు ఛానళ్ల అధిపతులను, సీరియల్ తారలను పిలిచి శాలువాలు కప్పే పెద్దలు కూడా ఆ వేదిక మీదే ఈ ప్రశ్న అడగాలి, జవాబు వచ్చేదాకా ప్రతి సభలోనూ అడగాలి.