దిగే చోటు

వేసవిలో మా ఊళ్లో నాలుగున్నరకే వెలుతురొస్తుంది. గడియారం మాత్రం దేశమంతటికీ ఒక్కటే. అండమాన్ ద్వీపాల్లోని మా పోర్ట్ బ్లెయిర్‌కి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ మా ఇంట్లో ఇంకా పాతపేరే నోట నానుతోంది. కాలు దెబ్బతిన్న పద్నాలుగు నెలల తరవాత, ఆ వెలుతురులో, మెరీనా పార్కు దగ్గర సముద్రపు గట్టున నిలబడ్డాను. మోకాలెత్తు గోడ. ఒకప్పుడు దాన్ని గోడల్లో జమకట్టేవాణ్ణే కాదు. ఆ పొద్దున దాని మీంచి కిందికి దూకడానికి నాకు పావుగంట పట్టింది.

ఇక్కడ మే నుంచి డిసెంబరు దాకా వానలే. నైరుతి వెళ్తే ఈశాన్యం వస్తుంది. గోడలన్నీ పాచి పడతాయి. దెబ్బ తగిలిన రోజు, తడి గోడ అని తెలిసీ దూకాను. కుడిపాదం లోపలికి మడతపడి, చీలమండ బయటివైపు లిగమెంట్ తెగింది. వాపు తగ్గింది, నడక వచ్చింది, మెల్లగా పరుగూ వచ్చింది. గోడెక్కితే మాత్రం కాలు ముందుకు పడదు. ధైర్యం చచ్చిందనుకుని ఎన్ని రాత్రులు నన్ను నేను తిట్టుకున్నానో.

ఫిజియోథెరపిస్ట్ చెప్పాక గాని అర్థం కాలేదు. లిగమెంట్ ఎముకల్ని కట్టి ఉంచడమే కాదు, పాదం ఎటు వాలిందో మెదడుకు చెప్పే నరాల కొసలు కూడా దాన్లో ఉంటాయట. అది తెగితే ఆ కబురూ సరిగా అందదు. కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడమంది. ఎడమకాలి మీద అర నిమిషం. కుడికాలి మీద నాలుగు సెకన్లు! నేల ఎక్కడుందో నా కాలికి తెలియడం లేదు. అన్నాళ్లూ నా భయం నిజమే చెబుతోందన్నమాట.

నేను సాధన చేసేది పార్కూర్. పార్కూర్ అంటే డాబాల మీంచి డాబాల మీదికి గెంతడమని సినిమాలు నేర్పాయి. దాని వేరు కూడా ఓ ద్వీపంలోనే ఉంది. 1902 మే 8న కరీబియన్ సముద్రంలోని మార్టినీక్‌లో పెలే అగ్నిపర్వతం పేలి, సెయింట్ పియెర్ పట్టణం సుమారు 30 వేల ప్రాణాలతో సహా బూడిదైపోయింది. అక్కడ సహాయక పనుల్లో ఉన్న ఫ్రెంచి నౌకాధికారి జార్జ్ ఎబెర్ తరవాత కాలంలో నడక, పరుగు, ఎక్కడం, దూకడం, మోయడం కలిపి ఒక వ్యాయామ పద్ధతి తయారుచేశాడు. నలుగురికి పనికిరావడానికే ఒంట్లో బలం ఉండాలన్నది ఆయన సూత్రం. వియత్నాంలో సైనిక పాఠశాలలో పెరిగిన రేమండ్ బెల్ ఆ సాధనతోనే పారిస్ అగ్నిమాపక దళంలో చేరాడు. ఆయన కొడుకు డేవిడ్, అతని నేస్తాలు పారిస్ దగ్గరి లిస్‌లో సాధన చేసి దాన్ని లోకానికి చూపించారు. మంటల్లోకి వెళ్లి మనిషిని మోసుకొచ్చేవాడి విద్య ఇది. అందుకే నాకింత ప్రేమ.

నేను చూసిన మొదటి వాల్ట్, అంటే చెయ్యి ఆనించి గోడ దాటడం, మా చిన్నాన్నది. సునామీ వచ్చిన 2004 డిసెంబరు 26, ఆదివారం. నాకు ఏడేళ్లు. జంగ్లీఘాట్‌లో నీళ్లు ఇళ్ల మీదికొస్తుంటే నన్ను చంకనెత్తుకుని, రెండో చెయ్యి ప్రహరీ మీద ఆనించి అవతలికి దూకాడు. నన్ను దింపేసి పక్కింటి ముసలమ్మ కోసం మళ్లీ వెనక్కి వెళ్లాడు. శ్రీకాకుళం నుంచి వచ్చి, విశాఖలో ఓడెక్కిన చేపల మనిషి. పార్కూర్ అన్న మాట ఆయన ఈనాటికీ వినలేదు.

ఆ సునామీని తెచ్చిన భూకంపానికి మా ఊరి నేల దాదాపు ఒక మీటరు కుంగింది. సిప్పీఘాట్ వరిపొలాల్లో ఉప్పునీరు నిలిచిపోయింది. ఉత్తర అండమాన్‌లో నేల పైకి లేచి పగడపు దిబ్బలు బయటపడ్డాయి. ఇరవై ఏళ్లుగా డింగీ నుంచి జెట్టీ మీదికి చూడకుండా అడుగేసిన చిన్నాన్న ఆ అడుగు మళ్లీ నేర్చుకోవాల్సొచ్చింది. నా కాలి సంగతి విని ఆయన అన్నది ఒక్కటే: "పాత నేలే అనుకుని కాలెయ్యకురా."

నొప్పిని ఓర్చుకోవడమే సాధన అంటే నాకు నచ్చదు. నేను మొదలుపెట్టింది మెట్టు అంచున నిలబడి మడమలు దించడంతో. ఆ తరవాత చేతులూ కాళ్లూ ఆన్చి గట్టు మీద నడక. ఆపైన అరడుగు దూకుళ్లు, వందల కొద్దీ. పాదం ముందుభాగం ఆనాలి, మోకాళ్లు మెత్తగా మడవాలి, చప్పుడు రాకూడదు. చప్పుడయిందంటే ఆ అదురంతా కీళ్లలోకి దిగినట్టే. ఇంత చిన్న గోడేంటి భయ్యా, అని పార్కులో పిల్లలు హిందీలో అడిగేవారు. చెవి పెట్టి వినమన్నాను. ఇప్పుడు వాళ్లు కూడా చప్పుడు లేకుండా దిగడానికి పోటీ పడుతున్నారు.

మొన్న ఆదివారం జంగ్లీఘాట్ వెళ్లాను. పాటు మీద ఉంది సముద్రం. డింగీ బాగా కిందికి దిగిపోయింది. చిన్నాన్నకి అరవై దాటాయి, మోకాళ్లు పట్టేస్తున్నాయి. జెట్టీ అంచు కేసి చూసి ఆగాడు. నేను కుడికాలు ముందుకేసి, మోకాలు వంచి చెయ్యందించాను. ఆయన బరువంతా నా చీలమండ మీదికి వచ్చింది. పాదం కదల్లేదు. పైకొచ్చి, నా కాలి కేసి ఓసారి చూసి, "బుట్టందుకో" అన్నాడు.