అపరిగ్రహము – అరచేతి యంత్రము

భగవద్గీత ఆరవ అధ్యాయంలో ధ్యానయోగిని వర్ణిస్తూ శ్రీకృష్ణ పరమాత్మ పదవ శ్లోకంలో ఏకాంతవాసాన్నీ అపరిగ్రహాన్నీ కలిపి విధించాడు. ఈ రెండూ ఒకేచోట ఎందుకు చేరినవో నేటి గృహస్థునికి భాష్యం అక్కరలేకుండానే బోధపడుతున్నది. అతని చేతిలోని ఫోను ధనాన్నీ కోరుతున్నది, ఏకాంతాన్నీ కోరుతున్నది.

ధనం లెక్కకు అందుతుంది. 2024 జూలైలో టెలికాం సంస్థలు ధరలు పెంచినప్పుడు, ఒక ప్రముఖ సంస్థలో రోజుకు 1.5 జీబీ ఇచ్చే పథకం 239 రూపాయల నుండి 299కి చేరింది. ఆ పథకానికి నెల అంటే 28 రోజులు. చాంద్రమాసానికైనా 29 రోజుల పైచిలుకు ఉంటుంది. ఈ నెల ఏ మానానికీ చెందదు. అందువలన ఏడాదికి 13 రీఛార్జిలు. పంచాంగంలో సుమారు మూడేళ్లకొకసారి వచ్చే అధికమాసం వర్తకునికి ఏటా వస్తున్నది!

యోగసూత్రాల వ్యాసభాష్యం విషయాలను స్వీకరించడంలో ఆర్జన, రక్షణ, క్షయ, సంగ, హింసలనే ఐదు దోషాలను చూపింది. పూర్వం వస్తువు కొన్ననాటితో దాని ఆర్జనశ్రమ తీరేది. ఇప్పుడు కొన్న తరువాత కూడా నెలనెలా ఆర్జించవలసిందే. ఇక రక్షణచింత సంకేతపదాల రూపంలో నిద్రలోనూ వెంటాడుతున్నది.

ఏకాంతభంగం ఇంతకన్న సూక్ష్మమైనది. 2017లో అమెరికాలో విజియో అనే టీవీ సంస్థ, ప్రేక్షకులు చూస్తున్నదానిని వారి సమ్మతి లేకుండా నమోదు చేసినదన్న అభియోగంపై 22 లక్షల డాలర్లు చెల్లించి రాజీపడింది. దృగ్దృశ్యవివేకం చదివిన వారికి ఇది వింతగా తోచాలి. దృశ్యమైన పెట్టె తానే ద్రష్ట అయి కూర్చున్నది. అయితే సాక్షి అసంగుడు, చూచినదానితో అతనికి ప్రయోజనం లేదు. ఈ పెట్టె చూపు మాత్రం విక్రయం కొరకే.

అలాగని ఫోనును గంగలో విడువమనడం గృహస్థుని స్థితి తెలియని మాట. విదేశంలోని బిడ్డ ముఖం అందులోనే కనబడుతుంది, బ్యాంకు ఓటీపీ అందులోకే వస్తుంది. జపవేళ దానిని పూజగదిలోకి తేకుండా ఉండడం మాత్రం ఎవరికైనా సాధ్యమే. అడిగిన ప్రతి అనుమతినీ ఇవ్వకపోవడమూ సాధ్యమే. పంచాంగం యాప్ ఊరు అడిగితే అర్థమున్నది. సూర్యోదయం స్థలాన్ని బట్టి మారుతుంది గదా. పరిచయస్థుల ఫోను నంబర్లు కూడా అడిగితే, అవి ఏ తిథినిర్ణయానికో దానినే అడగాలి.